పడవలు లాగిన గట్టు మీద మనం నడవొద్దా?

గూడూరు అన్నలారా! అక్కలారా! చిల్లకూరు, కోట, వాకాడు రైతులారా, కూలీలారా! కాలువ గట్టున గుడిసెలేసుకుని బతికే యానాది అన్నదమ్ములారా! పట్టపు పాలేల్లో వలలు బాగుచేసుకునే తల్లులారా!

ఒక్క నిమిషం నిలబడండి. ఈ కాగితాన్ని పకోడీ పొట్లం కట్టే ముందు ఒక్కసారి చదవండి!

ఒక మాట అడుగుతాం, నిజం చెప్పండి. ఈ పొద్దు మీరు యాడ నడిచారు?

డాక్టరు చెప్పాడు కదా, "షుగరుంది, రోజూ గంటసేపు నడవాలయ్యా" అని. మందుచీటీ రాసిచ్చాడు. నడిచే చోటు మాత్రం రాసివ్వలేదు! హైవే పక్కన నడిస్తే లారీ గాలికే మనిషి ఊగిపోతాడు. వీధుల్లో నడిస్తే ఒక పక్క మురుగు, ఒక పక్క ఆటోలు, మధ్యలో కుక్కలు. ప్లాట్‌ఫారం మీద తిరిగితే టికెట్టేదంటారు. ఆడోళ్ళ సంగతి చెప్పే పనే లేదు. తెల్లారుజామున కొంగు బిగించి బయటికొస్తే హెడ్‌లైట్లు కళ్ళల్లో కొడతాయి. ముసలోళ్ళు మిద్దె మీద గానుగెద్దు మాదిరి గుండ్రంగా తిరుగుతుండారు. పిల్లోళ్ళకు సైకిలు కొనిచ్చి "సందు దాటొద్దురా" అని కట్టడి చేస్తుండాం. సైకిలు కొనింది సందులో తిప్పేదానికా?

రైలు జంక్షను ఊరు మనది. అభ్రకం ఊరు మనది. నిమ్మకాయల మార్కెట్టు ఊరు మనది! మన నిమ్మకాయ ఊళ్ళు దాటి, రాష్ట్రాలు దాటి పోతాది. మనకేమో నిమ్మళంగా నాలుగడుగులు వేసే చోటు లేదు!

లేదా? నిజంగానే లేదా?

ఉంది! మన కళ్ళ ముందే ఉంది! చేజారిపోతా ఉంది!

తూర్పుకు చూడండి!

గూడూరులో బస్సెక్కండి. కోట దాటండి. సముద్రం గాలి మొహానికి తగలక ముందే ఒక నీళ్ళ గీత కనబడతాది. తీరం వెంబడి, ఉత్తరం నుంచి దక్షిణానికి, తాడు పట్టి గీసినట్టు. అదే బకింగ్‌హామ్ కాలువ!

పెద్దగంజాం దగ్గర మొదలవుతాది. మన తీరమంతా దిగుతాది. పులికాట్ సరస్సులో దూరి, మద్రాసు కడుపులోంచి పోయి, మరక్కాణం దాకా సాగుతాది. మొత్తం 420 కిలోమీటర్లు. అందులో 257 కిలోమీటర్లు మన ఆంధ్రలోనే! పైన కొమ్మమూరు కాలువ, కృష్ణా, ఏలూరు కాలువలు కలుపుకుంటే ఒకప్పుడు కాకినాడ దాకా పడవ బాట. కాకినాడలో ఎక్కిన మూట మద్రాసులో దిగేది, సముద్రం మొహం చూడకుండానే!

మన ఏర్లన్నీ దీనికి చుట్టాలే. చంద్రగిరి కొండల దిక్కున పుట్టి, తిరుపతి దాటి, శ్రీకాళహస్తి గుడి పక్కన పారి, నాయుడుపేట మీదుగా వాకాడుకొచ్చే స్వర్ణముఖి సముద్రంలో కలవాలంటే ఈ కాలువను దాటాల్సిందే. మన ఊరి పంబలేరు పరుగు కూడా ఆ తూర్పుకే. గూడూరులో మనం పంబలేట్లో పారేసిన చెత్త కవరు యాడికి పోతాదనుకుంటుండారు? ఆ దిక్కుకే!

కాలువన్నాక గట్టుంటాది. గట్టు మీద బాటుంటాది. ఎందుకుంటాది? గాలి వాటంగా ఉంటే పడవకు తెరచాప ఎత్తేవాళ్ళు. గాలి పడిపోతే? గడ వేసి తోసేవాళ్ళు. అదీ కుదరకపోతే ఒడ్డెక్కి, నడుముకు తాడు కట్టుకుని, వంగి, పడవను ఈడ్చుకుంటా నడిచేవాళ్ళు! వాళ్ళ పాదాలు తొక్కిన బాట అది. ఈ పొద్దు దేశదేశాల్లో కోట్లు పోసి కాలువల పక్కన నడక బాటలు వేసుకుంటుండారు. మనకు ఆ బాట మన ముత్తాతలు ఎప్పుడో తొక్కి పెట్టిపోయారు. దాన్ని నిలబెట్టుకుంటే చాలు!

పేరు దొరది. చెమట ఎవరిది?

బకింగ్‌హామ్ అంటే ఎవరు? మద్రాసు గవర్నరు. బకింగ్‌హామ్ డ్యూక్. ఆయన పార పట్టాడా? తట్ట మోశాడా?

1806లో కాక్రేన్ అనే దొర మద్రాసు నుంచి ఎన్నూరు దాకా కాలువ తవ్వించాడు. 1837లో సర్కారు దాన్ని తీసుకుంది. ముక్క ముక్కగా ఉత్తరానికీ దక్షిణానికీ పొడిగించుకుంటా పోయింది. అంతలో వచ్చింది ధాత కరువు. 1876 నుంచి 78 దాకా. మీ ఇంట్లో అవ్వలు ఇప్పటికీ పిల్లోడు ఆవురావురుమని తింటే "ధాత కరువులో పుట్టావంట్రా" అంటారు చూడండి, ఆ కరువే! లక్షల మంది తిండిలేక రాలిపోయారు. పల్లెలకు పల్లెలు పాడుబడ్డాయి.

అప్పుడు దొరలు చేసిన ధర్మమేంది? కరువు పనులు! ఎముకల గూళ్ళ చేత మట్టి తవ్వించారు. రిచర్డ్ టెంపుల్ అనే దొర 1877లో కూలి తెగ్గోశాడు. మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా. పౌనంటే 450 గ్రాములు! పొద్దుగూకేదాకా మట్టి మోసేవాడికి అది. ఆడోళ్ళకు, పిల్లోళ్ళకు అంతకన్నా తక్కువ. మద్రాసులో కూవం నదినీ అడయారు నదినీ కలిపే 8 కిలోమీటర్ల ముక్కను ఆ కరువు కూలీల చేతే తవ్వించారు. పని అయిపోయింది. 1878లో కాలువకు గవర్నరు పేరు పెట్టారు.

తవ్వినోళ్ళ పేరు ఒక్కటన్నా ఉందా? ఒక రాయి మీదన్నా చెక్కారా?

ఆ గట్టు మీద ప్రతి తట్టెడు మన్నూ ఒక కూలోడు మోసి పోసిందే. ఆ మన్ను ఈ పొద్దు ఎవడబ్బ సొత్తని టిప్పర్లకెత్తి అమ్ముకుంటుండారు?

ఆ కాలువ మనకేం చేసింది?

పెట్టింది! మన సరుగుడు కట్టెలు దీని మీదే మద్రాసుకు పోయాయి. మద్రాసోళ్ళ పొయ్యిలు మన సరుగుడుతో మండాయి. ఉప్పు పోయింది. బియ్యం పోయాయి. సున్నం కాల్చే గుల్ల పోయింది. ఎండుచేప పోయింది. మీ ఇంట్లో ఎనభై దాటిన తాతనడగండి, కాలువ మీద పడవ చూశావా తాతా అని. ఆయన కళ్ళు ఎట్టా మెరుస్తాయో చూడండి!

ఇంకా ముందుకు పోదాం. కాలువకు తూర్పున దుగరాజపట్నం ఉంది చూడండి. 1626 ప్రాంతంలోనే ఇంగ్లీషు కంపెనీ అక్కడ కొట్టం పెట్టింది, కోట కట్టింది. 1639లో చెన్నపట్నంలో చోటు దొరికాక మూటాముల్లె సర్దుకుని అటు పోయింది. మద్రాసు కంటే ముందు మన వాకాడు దిక్కున ఓడలాగాయి! ఈ ముక్క మన బడిపిల్లోళ్ళలో ఎంతమందికి తెలుసు? తెలుసుకునేదానికి ఒక రాతిపలక ఉందా? చూసొద్దామంటే బాటుందా?

2004 డిసెంబరు 26 మరిచారా? ఆదివారం పొద్దున. సునామీ! సముద్రం లేచి మీదికొచ్చింది. ఆ నీళ్ళు కాలువలో పడ్డాయి. పెద్దగంజాం నుంచి మద్రాసు దాకా కాలువ నిండింది, పొంగింది, కాసేపటికి వెనక్కి సముద్రంలోకి ఒదిలేసింది. కాలువ లేకుంటే ఆ నీళ్ళు ఇంకా లోపలికి, ఇంకా ఎన్ని ఇళ్ళ మీదికి వచ్చేవో! దొరల కాలంలో పడవల కోసం తవ్విన గుంత మన కాలంలో ప్రాణాలకు అడ్డం నిలబడింది.

మనం దానికేం చేశాం?

చంపుతుండాం! నిదానంగా చంపుతుండాం!

ముందు రైలొచ్చింది. తర్వాత లారీలొచ్చాయి. 1965లో, 66లో వరసగా తుపాన్లు కొట్టాయి. గట్లు తెగాయి, పూడిక పడింది. బాగుచేసే నాథుడు లేడు. పడవలు ఒడ్డునే పుచ్చిపోయాయి. అంతటితో అయిందా? లేదు! అసలు కథ ఆ తర్వాతే.

కంప మొలిచింది. గట్టు పొడవునా కంప! మేకలోడు కూడా లోపలికి పోలేడు. కంప ఉంటే ఎవరికి మేలు? లోపలేం జరుగుతుందో బయటికి కనబడకూడదనుకునేవాళ్ళకు!

సిలికా లారీలు వచ్చాయి. మన చిల్లకూరు, కోట, వాకాడు ఇసుక తెల్లబంగారమంట! గాజు ఫ్యాక్టరీలకు పోతాదంట! పోనీ. అనుమతులున్నోడు నిబంధనల ప్రకారం తవ్వుకుంటాడు. లేనోడు? రాత్రి పూట తవ్వుతాడు! తెల్లారేసరికి నిన్నటి దిబ్బ లేదు, గుంత ఉంది. ఆ గుంతలో వానకు నీళ్ళు నిలుస్తాయి. ఈతకు దిగిన పిల్లోడు బయటికొస్తాడా? పట్ట కప్పని లారీ వెనకాల బండి మీద పోయి చూడండి. కళ్ళల్లో ఇసుక, నోట్లో ఇసుక, ముక్కులో ఇసుక. ఆ లారీకి దారి కావాలని గట్టునే చదును చేసేస్తారు. గట్టు పోతే కాలువకు ఒడ్డేది?

రొయ్యల గుంటలు వచ్చాయి. రొయ్యల రైతన్నా, నీ మీద మాకు కోపం లేదు. నువ్వూ అప్పులోడివే, రాత్రంతా నిద్రలేనోడివే. ఒక మాట మాత్రం ఆలోచించు. నీ గుంట నీళ్ళు కాలువలోకి ఒదులుతావు. ఆ పక్క గుంటోడు అదే కాలువ నీళ్ళు తోడుకుంటాడు. నీ తెగులు వాడికి, వాడి తెగులు నీకు! 1994-95లో తెల్లమచ్చ తెగులు వచ్చి మన తీరం తీరమంతా ఎట్టా తుడిచిపెట్టుకుపోయిందో మీ నాయన్నడుగు. ఒకడి మురుగు ఇంకొకడి తాగునీరైతే ఇద్దరూ మునుగుతారు. కాలువ శుభ్రంగా ఉంటే ముందు బతికేది నువ్వే!

యానాది అక్కా, నీకు చెప్పేదేముంది? నీకు తెలిసినంత ఈ కాలువ ఇంకెవరికి తెలుసు? చేత్తో తడిమి రొయ్య పట్టేదానివి. పీతలు పట్టేదానివి. ఈ పొద్దు మొలలోతు నీళ్ళలో దిగితే కాళ్ళు దురద. బుట్ట సగం కూడా నిండదు. గట్టు మీద కొత్తగా కంచె. "ఇటు రావొద్దు" అని కేక. పుట్టిన చోట నిన్ను దొంగను చేశారు!

ఇక మన ఊళ్ళో పంబలేరు! పండగైతే చెత్త అందులోకే. కోడి ఈకలు అందులోకే. ఇల్లు కూలగొట్టిన రాళ్ళు అందులోకే. ఒడ్డు కొంచెం కొంచెంగా జరుపుకుంటా గోడలు అందులోకే! ఎవరు పోస్తుండారు? ఎవరో పరాయోళ్ళా? మన ఇంటి కవరే కదన్నా! తిట్టుకుందాం, ముందు మనల్ని మనమే తిట్టుకుందాం. 2021 నవంబరు మరిచారా? ఏరు పొంగి హైవే మీదికొచ్చింది. లారీలు బారులు తీరి నిలబడిపోయాయి. ఇళ్ళల్లోకి నీళ్ళొస్తే బియ్యం మూట మంచం మీదికెత్తుకున్నాం. ఏరు మన మీద పగబట్టిందా? దాని చోటు అది అడిగింది!

మద్రాసును చూసి కూడా నేర్చుకోమా?

ఇదే కాలువ. మద్రాసులో చూసొచ్చారు కదా? పైన లోకల్ రైలు పోతాది. ఆ రైలు స్తంభాలు యాడ దిగాయి? కాలువ నడుములో! ఒకప్పుడు పడవలు ఎదురెదురుగా తప్పుకున్న కాలువ ఈ పొద్దు ముక్కు మూసుకుని దాటాల్సిన మురుగుగుంట. 2015 డిసెంబరులో మద్రాసు మునిగింది. నీళ్ళు పోయే దారులు పూడ్చుకున్న ఊరికి నీళ్ళు ఇంట్లోకి రాక యాడికి పోతాయి?

అక్కడ చేతులు కాలిపోయాయి. మనకింకా కాలలేదు. మన దిక్కు కాలువకు ఇంకా ఒడ్డుంది, గాలుంది, కొంగలున్నాయి. చలికాలంలో నేలపట్టుకు గూడబాతులొస్తాయి. పులికాట్‌కు రాజహంసలొస్తాయి. వాటి పేరు మీద సూళ్ళూరుపేటలో మూడు రోజులు పక్షుల పండగ చేస్తారు. స్టేజీ, లైట్లు, డాన్సులు. మంచిదే! మిగతా 362 రోజులు? పక్షి తాగే నీళ్ళ సంగతి ఎవరడుగుతారు?

"కూటికే గతిలేదు, వాకింగ్ బాటా?" అంటారా?

అడగండి! గట్టిగా అడగండి! మాకూ ముందు ఇదే అనిపించింది. ఉద్యోగాల్లేవు, నిమ్మకు రేటు లేదు, వీళ్ళు నడక గోల ఎత్తుకున్నారేంది అని.

జవాబు వినండి. తోటకు కాపలా ఎందుకు పెడతాం? మనిషి అలికిడుంటే దొంగ రాడు. కాలువకూ అంతే! గట్టు మీద పొద్దున అరవై మంది నడుస్తున్నారనుకోండి. సాయంత్రం పిల్లోళ్ళు సైకిళ్ళు తొక్కుతున్నారనుకోండి. రాత్రికి రాత్రి గట్టు కోసి ఎత్తుకుపోగలరా? తెల్లారితే అరవై నోళ్ళు అడుగుతాయి, "నిన్న ఇక్కడ గట్టుండాలే, ఏమైంది?" అని! నల్లనీళ్ళు ఒదిలితే వంద ఫోన్లు ఫోటో తీస్తాయి. కంచె వేస్తే వంద మంది ఆగి చూస్తారు. పోలీసుల కంటే, కెమెరాల కంటే గట్టి కాపలా నడిచే జనం! నలుగురూ నడిచే బాటను మింగేదానికి ఎవడికైనా గుండె చాలదు. ఎవరూ నడవని గట్టు ఇప్పటికే ఎవడి పొలంలోనో కలిసిపోయుంటాది.

ఇది గాలిమాట కాదు. అమెరికాలో జరిగింది. పొటోమాక్ అని ఒక నది. దాని పక్కన పాత కాలువ. కంచరగాడిదలు పడవలు లాగిన కాలువ. 1924లో పడవలు ఆగిపోయాయి. మన కాలువ మాదిరే దిక్కులేనిదైంది. దాని మీద కార్ల రోడ్డు వేద్దామన్నారు పెద్దలు. పేపరోళ్ళు కూడా భేష్ అన్నారు. అప్పుడు వాళ్ళ సుప్రీంకోర్టు జడ్జి విలియం డగ్లస్ ఏమన్నాడో తెలుసా? కాలువ పొడవునా నాతో నడవండి, నడిచి చూసి అప్పుడు రాయండి అన్నాడు! 1954 మార్చిలో నడిచాడు. ఎనిమిది రోజులు! దారిపొడవునా జనం కలిశారు. రోడ్డు ఆలోచన మూలకు పడింది. 1971లో ఆ కాలువ జాతీయ పార్కయింది. ఈ పొద్దు గాడిదలు నడిచిన ఆ బాట మీద దగ్గర దగ్గర 300 కిలోమీటర్లు జనం నడుస్తారు, సైకిళ్ళు తొక్కుతారు.

అక్కడ కంచరగాడిదలు లాగిన బాటను కాపాడుకున్నారు. ఇక్కడ మనుషులు లాగిన బాటను మనం కంపకు ఒదిలేశాం. సిగ్గు కాదా మనకు?

కోట్ల మాటలు చాలా విన్నాం!

2008లో ఈ కాలువను జాతీయ జలమార్గం నాలుగన్నారు. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా మళ్ళీ పడవలన్నారు. చప్పట్లు కొట్టాం. మన దిక్కు సరుకు పడవ వచ్చిందా? 2014లో విభజన చట్టంలోనే దుగరాజపట్నం ఓడరేవు రాశారు. మొదటి దశ 2018 కల్లా పూర్తి అన్నారు. 2018 పోయింది. రేవు రాలేదు. 2025 జనవరి 8న మన దిక్కునే క్రిస్ సిటీ అనే పారిశ్రామిక నగరానికి ప్రధాని శంకుస్థాపన చేశారు. లక్ష మందికి ఉపాధి అన్నారు. రానీ! మా పిల్లోళ్ళకు ఉద్యోగాలు రావాలని మాకు మాత్రం ఉండదా? ఒకటే అడుగుతుండాం. ఫ్యాక్టరీ రాకముందే గట్టుకు హద్దురాయి వెయ్యండి! తర్వాత వేస్తామంటే రాయి వేసే చోటు మిగలదు.

2022 ఏప్రిల్ 4న మనల్ని నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు మార్చారు. అర్జీ పట్టుకుని నెల్లూరు పోవాలా, తిరుపతి పోవాలా అని మనం తికమకపడ్డాం. కాలువ మాత్రం అంగుళం కదల్లేదు. జిల్లా ఏదైనా గట్టు మనదే! అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగదు. కలెక్టరు మారేదాకా, సర్కారు మారేదాకా గట్టు ఆగదు!

జాగ్రత్త! దొంగ బాట ఒద్దు!

బాట పేరు చెప్పి మోసం చేసేవాళ్ళు కూడా వస్తారు. టైల్స్ వేస్తామంటారు. స్టీలు రెయిలింగులంటారు. సెల్ఫీ పాయింటంటారు. గేటు పెట్టి టికెట్టంటారు. చివరికి "అందం చెడుతుంది" అని యానాదుల గుడిసెలు పీకమంటారు!

ఒప్పుకోం! కాలువ గట్టున గుడిసె కాలువకు అడ్డం కాదు. గట్టుకు మొదటి కాపలాదారు ఆ గుడిసెలోనే ఉంటాడు. బాట వస్తే మొదటి టీ కొట్టు ఆ అక్కదే కావాలి. పడవ తిప్పే పని ఆ అన్నదే కావాలి. పీతల పులుసు, రొయ్యల వేపుడు ఆ పాలెం తల్లుల చేతి వంటే కావాలి. వాళ్ళను తోలేసి వేసే బాట మాకొద్దు. అట్టాంటి బాట మీద మేము కాలు పెట్టం!

మనం అడిగేది ఇంతే!

ఒకటి. చిల్లకూరు నుంచి వాకాడు దాకా కాలువనూ గట్లనూ సర్వే చెయ్యాలి. హద్దురాళ్ళు పాతాలి. మ్యాపు ప్రతి పంచాయతీ గోడకూ అంటించాలి.

రెండు. కంప కొట్టాలి. తెగిన గట్టు మట్టితో పొయ్యాలి. గ్రావెల్ పరిచి తొక్కితే చాలు. కాంక్రీటు ఒద్దు, కాంట్రాక్టర్ల పండగ ఒద్దు. ఉపాధి హామీ కూలీలకు పని ఇవ్వండి. 1877లో అర్ధాకలితో తవ్వినోళ్ళ మునిమనవళ్ళు ఈసారి పూర్తి కూలి తీసుకుని గట్టు కడతారు!

మూడు. గట్టు మీద ఇసుక లారీ, టిప్పరు తిరగకూడదు. వదిలేసిన సిలికా గుంతలకు కంచె వెయ్యాలి. పూడ్చాలి.

నాలుగు. శుద్ధి చెయ్యకుండా ఏ నీళ్ళూ కాలువలోకి ఒదలకూడదు. రొయ్యల గుంటవైనా, ఫ్యాక్టరీవైనా. చిన్న రైతులు నలుగురు కలిసి నీళ్ళు నిలబెట్టి తేర్చే మడుగు కట్టుకునేదానికి సర్కారు సాయం చెయ్యాలి.

ఐదు. గట్టున బతికే యానాదులకు, మత్స్యకారులకు ఇంటి పట్టా, చేపలు పట్టే హక్కు ముందు. బాట తర్వాత.

ఆరు. గూడూరులో పంబలేరు ఒడ్డున కూడా నడక బాట. చెట్లు. ఆడోళ్ళు చీకట్లో నడిచేదానికి దీపాలు. ఏట్లో చెత్త పోస్తే జరిమానా, ఎవరింటిదైనా!

ఏడు. పాత లాకులు, పాత వంతెనలు ఒక్క రాయి కూడా పీకొద్దు. పక్కన పలక పెట్టండి. దాని మీద డ్యూక్ పేరు ఒక్కటే ఉంటే కుదరదు. ధాత కరువు కూలీల చెమట కూడా కలిసిన కాలువ అని రాయండి. తెలుగులో రాయండి!

ఏం చెయ్యాలి? ఇది చెయ్యాలి!

వచ్చే ఆదివారం తెల్లవారి ఐదింటికి గూడూరు ఆర్టీసీ బస్టాండు ముందర కలుద్దాం. బస్సుల్లో కోటకు పోదాం. అక్కడి నుంచి కాలువ గట్టు. గట్టు పట్టుకుని వాకాడు దిక్కుకు, స్వర్ణముఖి ఒడ్డు దాకా నడుద్దాం. కంప అడ్డమొస్తే కొడదాం. నడవలేని పెద్దోళ్ళు వాకాడులోనే మాకోసం కూర్చోండి. మీ కథలు వినేదానికి మేమొస్తాం.

తలకు తువ్వాలు తెచ్చుకోండి. నీళ్ళు తెచ్చుకోండి. ఎవరి సద్ది వాళ్ళు కట్టుకు రండి. నిమ్మకాయ ఊరగాయ మాత్రం మరవొద్దు, గూడూరోళ్ళం కదా! బడిపిల్లోళ్ళు ఒక నోటుబుక్కు తేవాలి. దారిలో యాడ గట్టు తెగింది, యాడ కంచె వేశారు, యాడ నల్లనీళ్ళు పడుతున్నాయి, అన్నీ రాయాలి. ఫోనున్నోళ్ళు ఫోటో తీయాలి. తేదీ, ఊరు పేరు వెయ్యాలి. అదే మన సాక్ష్యం!

తర్వాతి రోజు సోమవారం. సోమవారమంటే అర్జీల రోజు. ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఒక్కరు ఇస్తే ఒక కాగితం. ఐదొందల మంది ఇస్తే? బల్ల చాలదు! రసీదు తీసుకోకుండా కదలొద్దు.

సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. పది రూపాయల అర్జీతో అడగండి. గట్టు వెడల్పు ఎంత? ఆక్రమణ ఎంత? ఎవరికి, యాడ తవ్వుకునేదానికి అనుమతిచ్చారు? 30 రోజుల్లో జవాబు చెప్పాలి. చెప్పకపోతే అప్పీలు. వదిలిపెట్టొద్దు!

సర్పంచన్నా, గ్రామసభ పెట్టు. తీర్మానం రాయించు. "ఈ గట్టు ఊరి ఉమ్మడి బాట" అని ఒక్క వాక్యం చాలు. ఆ ఒక్క వాక్యం రేపు కోర్టులో నిలబడతాది.

టీచరమ్మా, పిల్లోళ్ళను ఒక్కసారి కాలువకు తీసుకుపో. చరిత్ర పాఠం గట్టు మీద చెప్పు. లారీ డ్రైవరన్నా, నువ్వూ మాలో ఒకడివే. గట్టు ఎక్కమంటే ఎక్కనని చెప్పు. నీ పిల్లోడు కూడా సైకిలు తొక్కాలి కదా!

ఒక్కరోజు నడిస్తే సరిపోదు. మొదటి ఆదివారం నడుద్దాం, రెండో ఆదివారం నడుద్దాం, నెలనెలా నడుద్దాం. వానకు ఆగొద్దు, ఎండకు ఆగొద్దు. మన కాళ్ళు తిరిగినంత కాలం ఆ గట్టు మీద కంప మొలవదు!

నడుముకు తాడు కట్టుకుని పడవలు ఈడ్చినోళ్ళు ఉప్పు మూటలు, కట్టెల మోపులు గమ్యం చేర్చారు. వాళ్ళు నడిచింది బరువుతో. మనకు ఏ బరువూ లేదు. చేతులూపుకుంటా నడవడమే! అది కూడా చేతగాదా?

రండి అన్నా! రా అక్కా! గట్టెక్కుదాం!

కాలువను కాపాడుకుందాం! గట్టును నిలబెట్టుకుందాం!
యానాదుల గుడిసె జోలికి రావొద్దు!
తవ్వినోళ్ళ బాట, నడిచేవాళ్ళకే!

ఇట్లు,
మీతోపాటు నడిచేవాళ్ళం, గూడూరు

(చదివాక పారేయొద్దు. పక్కింటికివ్వండి!)